ఇంట్లో బట్టల ఉతుకు: నీరు, విద్యుత్తు, డబ్బు ఆదా చేసుకునే విధానం

కోవిల్‌పట్టిలోనూ విరుదునగర్‌లోనూ చాలా ఇళ్లలో బట్టలు ఉతికే రోజును క్యాలెండరు నిర్ణయించదు, కొళాయి నిర్ణయిస్తుంది. మంచినీరు వచ్చే రోజు తెల్లవారుజామునే బిందెలు నిండుతాయి, తొట్లు నిండుతాయి, ఆ వెనుకనే నాలుగు రోజుల బట్టలు నీళ్లలో నానుతాయి. కోవిల్‌పట్టికి తామ్రపర్ణి నీరు సీవలపేరి నుండి గొట్టాల ద్వారా ఎంతో దూరం ప్రయాణించి వస్తుంది. విరుదునగర్‌కు ఆనైకుట్టం జలాశయం, తామ్రపర్ణి ఆధారం. ఇంత శ్రమతో ఇల్లు చేరిన నీటిలో గణనీయమైన భాగం బట్టలకే పోతుంది. దానితోపాటు విద్యుత్తు, సబ్బు, మనిషి నడుము బలం కూడా ఖర్చవుతాయి.

ఈ ఖర్చులన్నీ ఒకదానితో ఒకటి ముడిపడినవి. జాడించడానికి ఒక తొట్టి నీరు అధికంగా వాడితే ఆ నీటిని మిద్దెపై తొట్టికి ఎక్కించిన మోటారు విద్యుత్తు కూడా అధికమవుతుంది. సబ్బుపొడి ఎక్కువ వేస్తే నురుగును వదిలించడానికి మళ్లీ నీరు కావాలి. కనుక ఒకచోట చేసిన పొదుపు మరి రెండు చోట్ల ఫలిస్తుంది. ఆ పొదుపు ఎక్కడ సాధ్యమో, ఎక్కడ చేయరాదో ఈ వ్యాసం వివరిస్తుంది.

విద్యుత్తు ఎక్కడ ఖర్చవుతోంది

బట్టలు ఉతికే యంత్రమే విద్యుత్తును మింగేస్తుందని చాలామంది భావిస్తారు. లెక్క వేసి చూస్తే సంగతి వేరు. 400 వాట్ల మోటారు అరగంట తిరిగితే ఖర్చయ్యేది 0.2 యూనిట్. అదే 40 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి 60 డిగ్రీల వరకు వేడి చేయాలంటే ఇంచుమించు 1.4 యూనిట్లు అవసరం. అంటే ఒక్కసారి నీళ్లు కాచిన విద్యుత్తుతో యంత్రాన్ని ఏడుసార్లు నడపవచ్చు. బోరు నీటిని పైకి ఎక్కించే 1 అశ్వశక్తి మోటారు గంటసేపు నడిస్తే దాదాపు 1 యూనిట్ ఖర్చవుతుంది. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె ఎడతెగకుండా గంటసేపు వేడెక్కితే 1 యూనిట్. ఈ వరుసలో యంత్రం చివరిది, వేడినీరు మొదటిది.

తమిళనాడులో ఇళ్ల విద్యుత్తు లెక్క రెండు నెలలకు ఒకసారి జరుగుతుంది. తొలి కొన్ని యూనిట్లకు రుసుము లేదు. ఆ పైన వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఇందులో 500 యూనిట్ల గీత ముఖ్యమైనది. దానిని దాటిన ఇంటికి కొత్తగా వాడిన యూనిట్లకే కాక, అంతకు ముందు రాయితీ ధరకు లభించిన కొన్ని యూనిట్లకు కూడా అధిక ధర పడుతుంది. రెండు నెలలకు 515 యూనిట్లు వాడే ఒక ఇంటిని ఊహించుకుందాం. వారానికి రెండుసార్లు బట్టలకై 40 లీటర్ల నీరు కాచే అలవాటు ఆ ఇంట్లో ఉంటే, రెండు నెలల్లో 17 సార్లకు 24 యూనిట్లు అవుతాయి. ఆ ఒక్క అలవాటు మానితే ఆ ఇల్లు 491 యూనిట్లతో గీతకు ఇవతలే ఉంటుంది. ప్రస్తుత ధరలను ఈబీ బిల్లులో చూసుకుని ఎవరికి వారు ఈ లెక్క వేసుకోవచ్చు.

నిత్యం కట్టే బట్టలకు చన్నీరే చాలు. మన ప్రాంతంలో కొళాయి నీరే ఏడాదిలో అధిక భాగం గోరువెచ్చగా ఉంటుంది. మిద్దెపై నల్లని తొట్టిలో నిలిచిన నీరు మధ్యాహ్నానికి ఇంకా వేడెక్కుతుంది. జిడ్డు పట్టిన దుప్పట్లు, గలీబులు ఉంటే వాటిని ఆ వేళకు ఉతకడం వలన కాచే ఖర్చు తప్పుతుంది. రోగుల పక్కబట్టలు, పసిపిల్లల గుడ్డలు, గజ్జి వంటి అంటువ్యాధి సోకినవారి బట్టలు మాత్రం వేడినీటిలోనే ఉతకాలి. అక్కడ ఖర్చు చూడరాదు. నీళ్లు కాచే రాడ్డును వాడేవారు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసిన తరువాతనే నీటిలో చేయి పెట్టాలి.

ఉప్పునీటితో వచ్చే నష్టం

ఈ రెండు పట్టణాల చుట్టూ ఉన్నది నల్లరేగడి నేల. తమిళంలో దీనినే కరిసల్ అంటారు. ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ 1976లో వెలువడిన 'గోపల్ల గ్రామం' నవలలో చిత్రించినది, తెలుగు దేశం విడిచి వచ్చి ఈ నేలలోనే స్థిరపడిన కుటుంబాల జీవితాన్ని. నాటినుండి నేటివరకు ఇక్కడి కుటుంబాలకు మంచినీరు, ఉప్పునీరు అనే భేదం కొత్త కాదు. పప్పు ఉడకని నీటిలో సబ్బు కూడా నురగదని పెద్దలందరికీ తెలుసు.

దీనికి కారణం నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు. అవి సబ్బుతో కలిసి పెరుగు విరిగినట్లు తెల్లని మడ్డిగా మారుతాయి. సబ్బులో కొంత భాగం మురికిని వదిలించకముందే ఈ లవణాలకు ఆహుతి అవుతుంది. ఆ మడ్డి బట్ట పోగుల మధ్య చేరి తెల్లబట్టలను బూడిదరంగులోకి దించుతుంది, తువ్వాళ్లను గరుకుగా చేస్తుంది.

ఇంటి నీరు ఎటువంటిదో తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. రెండు సీసాలు తీసుకుని ఒకదానిలో కొళాయి నీరు, మరొకదానిలో బోరు నీరు సగం వరకు పోయాలి. రెండింటిలోనూ ఒంటిసబ్బు తురుము సమానంగా వేసి, మూతపెట్టి బాగా కుదపాలి. మంచినీటిలో నురుగు నిలుస్తుంది. ఉప్పునీటిలో నురుగు త్వరగా చచ్చి మడ్డి తేలుతుంది. ఈ పరీక్షకు డిటర్జెంటు పొడి పనికిరాదు. అది ఉప్పునీటిలోనూ కొంత నురుగుతుంది. అదే కారణం చేత బోరు నీటితో ఉతికేవారికి బట్టల సబ్బుబిళ్ల కంటే డిటర్జెంటు పొడి మేలు.

రెండు రకాల నీరూ ఉన్న ఇంట్లో ఏ పనికి ఏ నీరు వాడాలన్నదే అసలైన పొదుపు. బురద, దుమ్ము వదిలించే తొలి నానుకు బోరు నీరు చాలు. ఆ నీటిని పారబోసి, బట్టలను పిండి, సబ్బు పెట్టే దశకు మంచినీరు వాడాలి. చివరి జాడింపుకు కూడా మంచినీరు వాడితే బట్ట మెత్తగా ఉంటుంది. మంచినీరు తక్కువగా ఉంటే దానిని సబ్బు దశకే ఉంచి, జాడింపుకు బోరు నీరు వాడుకోవచ్చు.

బోరు నీరు మాత్రమే ఉన్నవారు చాకలి సోడాను ఆశ్రయించవచ్చు. అంగళ్లలో దీనిని సలవై సోడా అని అడగాలి. పూర్వం చవుడు మన్నుతో బట్టలు ఉతికినప్పుడు పని చేసినది కూడా ప్రధానంగా ఈ క్షారమే. ముందుగా కొంచెం సోడాను నీటిలో కరిగించి కొద్దిసేపు వదిలితే లవణాలు అడుగుకు చేరుతాయి. ఆ తరువాత సబ్బుపొడి వేస్తే తక్కువ మోతాదు సరిపోతుంది. పట్టుబట్టలకు, ఉన్నిబట్టలకు సోడా వాడరాదు. చేతులకు పుండ్లు ఉన్నవారు దానిని తాకరాదు.

వాననీరు అన్నింటికంటే మెత్తని నీరు. తమిళనాడులో 2003లో ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి అయింది. ఒక చదరపు మీటరు కప్పుపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు అవుతుంది. 50 చదరపు మీటర్ల మిద్దెపై 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే, కొంత వృథా పోగా, 500 లీటర్లకు దగ్గరగా చేతికి వస్తుంది. ఐప్పసి, కార్తీక మాసాలలో ఈశాన్య ఋతుపవనం తెచ్చే వానలో మొదటి జల్లును వదిలివేసి, తరువాతి నీటిని మూత ఉన్న తొట్టిలో పట్టుకుంటే బట్టలకు శ్రేష్ఠం.

ఉతకకముందే సగం పని

ఒకసారి ఉతికిన బట్టను మరక పోలేదని మళ్లీ ఉతకడం కంటే పెద్ద వృథా లేదు. రేగడి బురద అంటిన బట్టను తడపకుండా ఆరనిచ్చి, దులిపి, ఆ తరువాతనే నీటిలో వేయాలి. తడిబురదను రుద్దితే అది పోగుల్లోకి ఎక్కుతుంది. నూనె మిల్లులలో, పప్పు మిల్లులలో, మిరపకాయల మండీలలో పనిచేసేవారి బట్టలకు నూనె మరకలు సహజం. వాటిపై కొంచెం సబ్బుపొడిని తడిపి పూసి పావుగంట ఉంచితే తరువాత రుద్దే శ్రమ తగ్గుతుంది. రక్తం, పాలు, గుడ్డు మరకలకు చన్నీరే వాడాలి. వేడినీరు తగిలితే అవి గట్టిపడి నిలిచిపోతాయి. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. అందుకు భయపడనవసరం లేదు, ఉతికి ఎండలో వేస్తే క్రమంగా వెలిసిపోతుంది.

నానబెట్టడానికి అరగంట సాధారణంగా సరిపోతుంది. రాత్రంతా నానితే మురికి ఎక్కువగా పోతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. రంగు దిగడం, వాసన పట్టడం మాత్రం ఖాయం.

నురుగును బట్టి శుభ్రతను కొలిచే అలవాటు కూడా ఖర్చును పెంచుతోంది. నురుగు కంటికి ఇంపు, అంతే. పొట్లంపై ముద్రించిన మోతాదును చెంచాతో కొలిచి వేయాలి, చేతితో చల్లరాదు. మోతాదు మించితే రెండు బిందెల నీరు అదనంగా కావాలి, బట్టలో మిగిలిన సబ్బు చర్మానికి దురద పుట్టిస్తుంది.

పిండి జాడిస్తే ఒక తొట్టి నీరు మిగులు

సబ్బు నీటి నుండి తీసిన బట్టలను పిండకుండా నేరుగా జాడించడం చాలామంది అలవాటు. ఒక వాయి బట్టలు 6 లీటర్ల సబ్బునీటిని పట్టుకుని ఉన్నాయనుకుందాం. వాటిని 30 లీటర్ల నీటిలో జాడిస్తే సబ్బు చిక్కదనం ఆరవ వంతుకు తగ్గుతుంది. పిండకుండా ఇట్లే మూడుసార్లు జాడిస్తే 216వ వంతు మిగులుతుంది. అదే ప్రతి జాడింపుకు ముందు గట్టిగా పిండి, బట్టలలో 2 లీటర్లే నిలిచేటట్లు చేస్తే, ఒక్క జాడింపుతో సబ్బు 16వ వంతుకు దిగుతుంది, రెండు జాడింపులతో 256వ వంతుకు. అనగా పిండి రెండుసార్లు జాడించిన బట్ట, పిండక మూడుసార్లు జాడించిన బట్ట కంటే శుభ్రంగా ఉంటుంది. పైగా 30 లీటర్ల నీరు, అనగా రెండు మూడు బిందెలు, మిగులుతుంది. రెండు తొట్ల యంత్రం ఉన్నవారు జాడింపుల నడుమ ఒక్క నిమిషం పిండే తొట్టిలో తిప్పితే ఇదే ఫలితం లభిస్తుంది.

చివరి జాడింపు నీరు దాదాపు స్వచ్ఛమైనది. దానిని తరువాతి వాయి నానబెట్టడానికి ఉంచుకోవాలి. సబ్బునీటిని కూడా వరుసగా వాడుకోవచ్చు: మొదట తెల్లబట్టలు, తరువాత లేతరంగులు, ఆ పైన ముదురురంగులు, చివరకు కాలిపట్టలు.

యంత్రం వాడేవారికి

యంత్రంపై 6 కిలోలు, 7 కిలోలు అని రాసి ఉండే బరువు పొడిబట్టల బరువు. నాలుగు బట్టలకోసం యంత్రం తిప్పినా, నిండుగా వేసి తిప్పినా చాలా యంత్రాలు తీసుకునే విద్యుత్తులో పెద్ద తేడా ఉండదు. కనుక ముప్పాతిక వంతు నిండే వరకు బట్టలు పోగయ్యాక తిప్పడం మంచిది. గొంతు వరకు కుక్కితే బట్టలు తిరగవు, మురికి వదలదు. ముందు తలుపు ఉన్న యంత్రం నీరు తక్కువగా వాడుతుంది. అయితే వాటిలో చాలావరకు నీటిని వేడి చేసే సదుపాయం ఉంటుంది కాబట్టి, ప్రతిసారీ చన్నీటి మీటనే ఎంచుకోవాలి. పైనుండి బట్టలు వేసే యంత్రానికి చేసిన సబ్బుపొడిని దీనిలో వాడితే నురుగు పొంగుతుంది.

కొత్త యంత్రం కొనేటప్పుడు ఇంధన సామర్థ్య సంస్థ నక్షత్రాల చీటీని చూడాలి. నక్షత్రాలు ఎక్కువైన కొద్దీ అదే పనికి విద్యుత్తు తక్కువ. నీటి ఒత్తిడి లేని వీధుల్లో, కొళాయి రోజూ రాని ఇళ్లలో, నీటిని చేతితో పోసుకోగల రెండు తొట్ల యంత్రమే అనువైనది. ధర కూడా తక్కువే.

ఉప్పునీటి వలన యంత్రం లోపల సున్నపు పొర కడుతుంది. నీటిని వేడి చేసే తీగపై ఆ పొర పేరుకుంటే నీరు ఆలస్యంగా కాగుతుంది, తీగ త్వరగా పాడవుతుంది. రెండు మూడు నెలలకొకసారి బట్టలు వేయకుండా నిమ్మ ఉప్పు కలిపిన నీటితో యంత్రాన్ని తిప్పడం మేలు. ఆ నీటిలో బ్లీచింగ్ పొడి ఎన్నడూ కలపరాదు. ఆ కలయికలో విషవాయువు వెలువడుతుంది.

ఎండ, గాలి ఉచితం

కయత్తారు చుట్టూ వరుసగా నిలిచిన గాలిమరలను చూడనివారు ఇక్కడ లేరు. విరుదునగర్‌కు తూర్పున కముది వద్ద 2016లో 648 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం ప్రారంభమైంది. పెద్ద కేంద్రాలు నెలకొల్పడానికి తగినంత ఎండా గాలీ ఉన్న ఈ ప్రాంతంలో బట్టలు ఆరబెట్టడానికి విద్యుత్తు వాడవలసిన అవసరం లేదు. దండెంపై బట్టల నడుమ గాలి ఆడేటట్లు ఎడం ఉంచాలి. రంగుబట్టలను తిరగవేసి నీడలో ఆరవేయాలి. ఆషాఢపు గాలికి రేగడి దుమ్ము లేస్తుంది కనుక ఆ రోజుల్లో ఉదయమే ఆరవేసి మధ్యాహ్నానికి తీయడం ఉత్తమం. లేకుంటే ఉతికిన బట్టనే మళ్లీ ఉతకవలసి వస్తుంది.

దండెంపై వేసే ముందు బట్టను గట్టిగా విదిలించి, అంచులు సరిచేసి వేస్తే సగం ముడతలు పోతాయి. ఆ మేరకు ఇస్త్రీ తగ్గుతుంది. రోజుకు ఒక చొక్కా చొప్పున ఇస్త్రీ చేస్తే ఆరురోజులూ పెట్టెను ఆరుసార్లు మొదటినుండి వేడి చేయవలసి వస్తుంది. వారానికి ఒకసారి కూర్చుని, తక్కువ వేడి చాలిన నైలాన్, పాలియెస్టర్ బట్టలతో మొదలుపెట్టి నూలుబట్టలతో ముగించాలి. చివర ఐదు నిమిషాల ముందే స్విచ్చి ఆపి, మిగిలిన వేడితో చేతిరుమాళ్లు, దిండుగలీబులు ముగించవచ్చు.

ఇక్కడ పొదుపు వద్దు

కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల పరిశ్రమలోనూ, శివకాశి, సాత్తూరు, విరుదునగర్ పరిసరాల బాణసంచా పనులలోనూ తెలుగు కుటుంబాలవారు ఉన్నారు. వారి పని బట్టల విషయంలో పై పొదుపు సూత్రాలు వర్తించవు. అగ్గిపుల్లల మందులో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. అది అంటిన బట్ట ఆరిన తరువాత చిన్న నిప్పురవ్వకు, రాపిడికి కూడా భగ్గున మండే ప్రమాదం ఉంది. ఈ లవణం నీటిలో కరుగుతుంది కాబట్టి నీరే దానికి విరుగుడు.

పని నుండి వచ్చిన వెంటనే ఆ బట్టలను విప్పి, దులపకుండా, రుద్దకుండా, పొయ్యికి, దీపానికి దూరంగా ఉంచిన ప్రత్యేక తొట్టిలో నిండా నీరు పోసి ముంచాలి. ఆ నీటిని పారబోసి, మళ్లీ మంచి నీటిలో నానబెట్టి, ఆ తరువాతనే సబ్బుతో ఉతకాలి. పిల్లల బట్టలతో కలపరాదు. ఆ నీటిని మరో పనికి వాడరాదు. ఉతకని పని బట్టను మేకుకు తగిలించి మరునాడు మళ్లీ తొడగడం, దానిపై ఇస్త్రీపెట్టె పెట్టడం ప్రాణాపాయం. ఒక తొట్టి నీరు ఎంత విలువైనదైనా మనిషి ప్రాణం కంటే విలువైనది కాదు.

వాడిన నీటిని ఏం చేయాలి

సబ్బునీటిని మరుగుదొడ్డిలో పోయడానికి, వాకిలి కడగడానికి వాడుకోవచ్చు. ఆకుకూరల మడులకు, పూలకుండీలకు రోజూ పోయరాదు. డిటర్జెంటులోని సోడియం లవణాలు రేగడి మట్టిని బిగదీసి, నీరు ఇంకకుండా చేస్తాయి. సబ్బులేని తొలి నాను నీటిని, చివరి జాడింపు నీటిని చెట్లకు పోయడంలో దోషం లేదు.

నిలవ ఉంచిన నీటి తొట్లకు, డ్రమ్ములకు గట్టి మూత ఉండాలి. వారానికి ఒకసారి ఖాళీ చేసి, లోపలి గోడలను తోమి, ఆరనివ్వాలి. డెంగ్యూ దోమ గుడ్లు పెట్టేది ఇటువంటి నిలవ నీటి అంచులోనే. నీటి పొదుపు దోమకు నెలవు కారాదు.

పై మార్గాలలో డబ్బు పెట్టి కొనవలసినవి దాదాపు లేవు. వేడినీరు మానడం, సబ్బు కొలిచి వేయడం, జాడించేముందు పిండడం, ఇస్త్రీని వారానికి ఒకసారికి తేవడం: ఈ నాలుగూ నేటినుండే మొదలుపెట్టదగినవి. పిండడం, బిందెలు మోయడం, దండెంపై వేయడం వంటి బరువు పనులు నేటికీ చాలా ఇళ్లలో ఒక్క ఇల్లాలి భుజాలపైనే ఉన్నాయి. తడిదుప్పటిని ఇద్దరు చెరొక కొస పట్టి పిండితే నీరు బాగా దిగుతుంది, త్వరగా ఆరుతుంది. ఆ రెండవ కొసను పట్టుకునే చేయి ఇంట్లోని మగవారిదో, ఎదిగిన పిల్లలదో అయితే నీరు, విద్యుత్తుతోపాటు ఇల్లాలి నడుము కూడా మిగులుతుంది.